శ్రీ రాసిన కాగితం

సర్కారు వాళ్లకు ఇరవై పేజీలంటే ఎందుకంత ప్రేమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దవాఖాన దుప్పట్లు ఉతికే పని కావాలంటే మేమెవరం, ఎన్నేళ్లుగా ఉతుకుతున్నాం, ఏ మిషన్లున్నాయి, నెత్తురంటిన బట్ట మామూలు బట్టతో కలవకుండా ఎలా తెస్తాం, మురికినీళ్లు ఎక్కడికి పోతాయి, అన్నీ చెప్పాలి. చెప్పేదంతా ఇరవై పేజీల్లోనే చెప్పాలి. మొదట్లో నేను అక్షరాలు చిన్నవి చేసి, అంచులు తగ్గించి ఇరికించేదాన్ని. తర్వాత వాళ్లు అక్షరాల సైజు, అంచుల కొలత కూడా షరతుల్లో రాసిపెట్టారు. నాలాంటి గడుసువాళ్లు ఊరినిండా ఉన్నారని అప్పుడు తెలిసింది.

మాది కిషన్‌బాగ్. బట్టలుతకడం మా తాతల నాటి పని. నాన్నను మేం బాపు అంటాం. ఆయన మూసీ ఒడ్డున బండ మీద ఉతికాడు. అన్న రేకుల షెడ్డు వేసి మిషన్లు పెట్టాడు. నేను ఒక ప్రైవేటు ఆఫీసులో టైపింగ్ చేస్తాను, టెండరు పడినప్పుడల్లా అన్నకు ఫైలు తయారుచేసి ఇస్తాను. షెడ్డును నిలబెట్టేది ఆ ఒక్క దవాఖాన పనే. అది పోతే మిషన్లు ఆగుతాయి, ఇస్త్రీ బల్లల దగ్గర నిలబడే ఆడవాళ్లంతా ఇంటిదారి పట్టాలి. వాళ్లలో సగం మంది మా చుట్టాలే. అందుకే టెండరు వచ్చిందంటే మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు.

ఫైలులో మొదటి కాగితం మాత్రం బాపుది. తెల్ల కాగితం మీద పైన "శ్రీ" అని రాసి, నాలుగు మూలలా పసుపు పెడతాడు. ఇంకేమీ ఉండదు. దాన్ని అన్నిటికంటే ముందు పెట్టి, ఫైలు చంకలో పెట్టుకుని అఫ్జల్‌గంజ్ పోయి, స్పైరల్ వేయించి, కవరులో పెట్టి సీలు కూడా అక్కడే వేయించుకుని వస్తాడు. ఆ పని ఇంకెవరికీ ఇవ్వడు. శ్రీకారం చుట్టని ఫైలు మా గడప దాటకూడదని ఆయన పట్టు.

మాకు ఎప్పుడూ పోటీ వచ్చేది పక్క గల్లీలో లాండ్రీ నడిపే భాయ్. ఆయనా బాపూ ఒకప్పుడు ఒకే రేవులో పక్కపక్క బండల మీద ఉతికినవాళ్లు. బాపును ఆయన బడే భాయ్, పెద్దన్న అని పిలుస్తాడు. రంజాన్‌కు ఆయనింటి నుంచి షీర్ ఖుర్మా పాయసం వస్తుంది, బతుకమ్మకు మా ఇంటి నుంచి సత్తుపిండి పోతుంది. టెండరు టెండరే, దోస్తానా దోస్తానే.

పోయినసారి కవర్లు విప్పిన రోజు అన్నతో పాటు నేనూ పోయాను. భాయ్ ఫైలులో కూడా మొదట ఒక తెల్ల కాగితం ఉంది. దాని మీద బిస్మిల్లాకు గుర్తుగా 786 అని మాత్రమే రాసి ఉంది. దానితో కలిపితే ఇరవై ఒకటి అవుతాయి. మా ఫైలు బాపు కాగితంతో కలిపి సరిగ్గా ఇరవై.

అన్న కుర్చీలోంచి లేచాడు. "సార్, ఆయన పేజీలు జర లెక్కవెట్టుండ్రి."

"ఖాళీ కాయిదమే గదయ్యా" అన్నాడు ఆఫీసరు.

"కాయిదం కాయిదమే సార్. మా బాపు శ్రీ రాసిన కాయిదం సుత లెక్కల వట్టుకున్నం మేం. అందరికి ఒకటే రూలుండాలె గద."

చాలాసేపు లొల్లి నడిచింది. చివరికి భాయ్ ఫైలులోని ఆఖరి పేజీ తీసి పక్కన పెట్టారు. ఆయన పాత పనుల సర్టిఫికెట్ దాంట్లోనే ఉంది. పని మాకు దక్కింది. ఆ రంజాన్‌కూ భాయ్ ఇంటి నుంచి షీర్ ఖుర్మా వచ్చింది. బాపుకు మాత్రం రేటు మనదే తక్కువ పడిందని అన్న అబద్ధం చెప్పాడు. నాకు అన్న మీద ఒళ్లు మండింది. షెడ్డు నడుస్తోందని సంతోషమూ వేసింది. రెండూ నిజమే.

ఈసారి షరతుల్లో ఒక కొత్త వాక్యం చేరింది. అట్టలు తప్ప లోపలున్న ప్రతి కాగితమూ లెక్కలోకి వస్తుంది, ఎక్కువైనవి చివరి నుంచి తీసేస్తారు. మా అన్న పుణ్యమా అని వచ్చిన వాక్యమే అది. దాంతోపాటు వేడినీళ్ల బాయిలరు తనిఖీ సర్టిఫికెట్ కూడా పెట్టాలన్నారు. అది లేకపోతే పనికి అర్హత లేదు. నేను ఎంత కుదించినా ఇరవై పేజీలూ నిండిపోయాయి. షరతుల్లో చెప్పిన వరస ప్రకారం బాయిలరు కాగితం ఆఖరున పడింది.

"బాపు కాయిదానికి జాగ లేదే" అన్నాను.

"ఈసారి వద్దు చెల్లె. బాపుకు నేన్జెప్త తియ్."

"ఎందుకు వద్దురా అని అడుగుతడు. ఏం జెప్తవ్?"

అన్న బాపుకు చెప్పలేదు. చెప్పాలంటే భాయ్ సంగతంతా విప్పాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే, నేను ఆఫీసులో, అన్న షెడ్డులో ఉన్న వేళ, బాపు ఎప్పటిలాగే ఫైలు తీసుకుని అఫ్జల్‌గంజ్ పోయాడు. సాయంత్రం మేం వచ్చేసరికి సీలు వేసిన కవరు దేవుడి పటాల ముందు ఉంది.

"అన్ని మంచిగ వెట్టిచ్చినవా బాపూ?" అన్నాడు అన్న.

"వెట్టిచ్చిన బిడ్డా. ఏం ఫికర్ చెయ్యకు."

అన్న కవరు చేతిలోకి తీసుకున్నాడు, సీలు వంక చూశాడు. చింపుదామని బాపుకు వినపడకుండా నేనన్నాను. చింపితే బాపు ఎందుకని అడుగుతాడు. కవరును మళ్లీ అక్కడే పెట్టేశాడు.

కవర్లు విప్పేరోజు బాపు కూడా వస్తానన్నాడు. భాయ్ లేచి తన కుర్చీ ఆయనకిచ్చాడు. మా కవరు విప్పగానే పసుపు మూలల కాగితం బయటపడింది. గుమస్తా వేలు తడి చేసుకుంటూ లెక్కపెట్టి ఇరవై ఒకటి అన్నాడు. పోయినసారి ఉన్న ఆఫీసరే ఈసారీ ఉన్నాడు. ఆయన మా అన్న వైపు చూసి, పెన్ను కింద పెట్టి, "ఎవరికన్న అభ్యంతరముందా?" అని అందరినీ అడిగాడు.

భాయ్ బాపు వంక చూశాడు. "బడే భాయ్ ముందల నేనేమంట సార్" అన్నాడు. ఆ తర్వాత గొంతు ఏమాత్రం పెంచకుండా అన్నాడు. "నాదైతే లెక్కవెట్టిండ్రు."

బాయిలరు కాగితం తీసి పక్కన పెట్టారు.

మెట్లు దిగుతూ బాపు ఆగాడు. "భాయ్ కాయిదం లెక్కవెట్టుమని ఎవలన్నర్రా?"

"నేనే బాపూ."

గేటు దగ్గర భాయ్ స్కూటరు మీద ఉన్నాడు. ఆయన సలాం చేసినా బాపు తలెత్తి చూడలేకపోయాడు.

పని భాయ్‌కి వచ్చింది. మా ఇస్త్రీ ఆడవాళ్లను ఆయన పిలిచి పనిలో పెట్టుకున్నాడు. ఇప్పుడు వాళ్లు టిఫిన్ డబ్బాలతో మా గుమ్మం ముందు నుంచే పక్క గల్లీకి పోతారు. మా షెడ్డులో ఒక్క మిషనే తిరుగుతోంది.

మొన్న ఒక హాస్టలు దుప్పట్ల టెండరు పడింది. ఈసారి నేను పట్టుబట్టి ఒక పేజీ తగ్గించాను. షెడ్డు ఫొటోలున్న పేజీ తీసేశాను. అన్న ఫైలు తెచ్చి బాపు ముందు పెట్టి, "నీ కాయిదం వెట్టు బాపూ. ఈసారి జాగ ఉంచినం" అన్నాడు.

బాపు పసుపు డబ్బా వైపు చెయ్యి చాపలేదు.

"ఈసారి ఎవనిది తీపిచ్చి ఉంచినవ్‌రా?" అన్నాడు.