ఇంట్లోంచి వెళ్లగొట్టారనుకున్న అవ్వ

ఈ రోజు పొద్దున కోరుట్ల నుంచి ఇబ్రహీంపట్నం వైపు సైకిల్ మీద వెళ్లాను. దారిలో ఒక పసుపు చేను పక్కన ఆగి, మూడు రాళ్లు పెట్టి, పుల్లలు ముట్టించి చాయ్ పెట్టుకున్నాను. అట్లా బయట కాచుకుని తాగడం నాకు సరదా.

చేనులో కలుపు తీస్తున్న అవ్వ లేచి వచ్చింది. గిన్నెనూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఏంది కొడుకా, రోడ్డు పొంటి పొయ్యి పెట్టినవ్? ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిండ్రా?"

సరదాకని ఎట్లా చెప్పాలో తెలియలేదు. మాట్లాడటం నాకెప్పుడూ కష్టమే. ఊరికే తలూపాను.

"పెండ్లామా? గింత చాయ్ సుత పొయ్యకుండ తోలిందా! ఏం ఆడిదది!"

నా భార్యను తిడుతూనే తన సద్ది విప్పి, జొన్నరొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది. సగం చాయ్ ఆమెకు పోసి, ఆ తిట్లన్నీ వింటూ రొట్టె తిన్నాను. నా భార్య తెల్లవారకముందే లేచి కట్టిచ్చిన పులిహోర డబ్బా నా సంచిలోనే ఉంది.

ఇంటికొచ్చాక ఆమె డబ్బా మూత తీసింది.

"తినలేదేంది? ఉప్పు ఎక్కువైందా?"

"ఆకలి కాలే" అన్నాను.

నేను బయట కూర్చుని ఇది రాస్తుంటే, ఆమె లోపల ఆ చల్లారిన పులిహోరే తింటోంది. నోటితో చెప్పడం చేతకాక ఇక్కడ రాస్తున్నాను. ఇది ఆమె కూడా చదువుతుంది. ఏ ముఖం పెట్టుకుని లోపలికి వెళ్లాలో తెలిసినవాళ్లు కాస్త త్వరగా చెప్పండి.