లేతు అదురూ, మేస్త్రిగారి చెయ్యీ

మా ఇంట్లో ఇనుమును తిప్పుతూ చెక్కే లేతు మిషను ఉందంటే బాపట్లలో ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన ఆడమనిషి మనవలకు జంతికలు చేసిపెట్టుకోక, వరండా పక్క గదిలో ఇనుము చెక్కుకుంటూ కూర్చోవడమేమిటని మా ఆడపడుచు నా ఎదుటే అంది. నాకు జంతికలు ఎప్పుడూ సరిగ్గా రాలేదు. ఇనుము అలా కాదు, చెప్పినట్టు వింటుంది. ఆవిరితో నిజంగా నడిచే చిన్న ఇంజను ఒకటి నా చేతులతో చేసి బడిపిల్లలకు చూపించాలని నా కోరిక. అందుకోసమే బల్ల మీద పట్టేంత చిన్న లేతు తెప్పించుకున్నాను.

దాన్ని నిలబెట్టి ఇచ్చినవారు మేస్త్రిగారు. మా కాలేజీ వర్క్‌షాపులో లేతు నడిపే టర్నరుగా చేసి, నాకంటే ముందే రిటైరై సొంతూరు రేపల్లె వెళ్ళిపోయారు. ల్యాబులో ఏ పరికరం మొరాయించినా నేను పరుగెత్తింది ఆయన దగ్గరికే. ఆదివారం లూథరన్ చర్చి, మిగతా ఆరు రోజులూ లేతు, అంతే ఆయన లోకం. నేను ఫోన్ చేస్తే చాలు, తెనాలిలో బండి మారి, భుజాన సంచీతో వచ్చేసేవారు.

ఆ ఏడాది దసరాకు రెండు రోజుల ముందు కూడా అలాగే వచ్చారు. మిషను విప్పి, మెయిన్ షాఫ్టు బేరింగులు బిగించి, నూనె వేశారు. తిరిగే ముక్కను దవడలతో పట్టుకుని ఉండే చక్కును మాత్రం ఊడదీసి కిరసనాయిల్లో నానబెట్టి వెళ్ళారు.

"రేపు బాగా తుడిచి మీరే బిగించేసుకోండి మేడమ్. చక్కుదీ, అది కూర్చునే బిళ్ళదీ, రెండు మొహాలూ శుభ్రంగా ఉండాలండి, అంతే" అన్నారు.

నేను పండగ పనుల్లో పడి వెంటనే బిగించలేదు. విజయదశమి నాడు మిషనుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాను. ఆ తర్వాత చక్కు బిగించి దానికీ మూడు బొట్లు పెట్టాను. మర్నాడు ఇత్తడి ముక్క ఒకటి పెట్టి స్విచ్చి వేస్తే బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు అంచుదాకా నడిచింది. చెక్కే టూలు ఆనించగానే గది మొత్తం గీపెట్టింది. ముక్క తీసి చూస్తే ఒళ్ళంతా చేప పొలుసుల్లా గీతలు.

నేను చదువుకున్నదాన్ని కదా, పద్ధతిగా వెతికాను. బల్ల కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టాను. మట్టం చూశాను. బెల్టు మార్చాను. టూలు సానబెట్టి, బయటికి తక్కువ పొడుచుకొచ్చేలా పట్టించాను. వేగం తగ్గించాను. అదురు కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. వారం రోజులకి నా ఓపిక అయిపోయింది. అంతకు ముందు బాగా నడిచిన మిషను బేరింగులు ముట్టుకున్నాక పాడైంది, బేరింగులు ముట్టుకున్నది ఆయన. కారణం అంతకంటే తేటగా ఏముంటుందనుకున్నాను. ఇలాంటి తీర్పు రాసిన విద్యార్థికి సున్నా వేసేదాన్ని, కానీ నాకు నేను నూటికి నూరు వేసుకున్నాను.

మేస్త్రిగారిని పిలిచాను. వచ్చారు. షాఫ్టును చేత్తో తిప్పి చూశారు, వంకర ఎంతుందో కొలిచే డయల్ గేజి పెట్టి ముల్లు ఊగడం చూశారు. ఆయన చూపు చక్కు మీది బొట్ల దగ్గర ఆగింది.

"ఒక్కసారి చక్కు విప్పి చూద్దామాండి?" అన్నారు మెల్లగా.

"దాన్ని బిగించింది నేను. నా పని మీద నాకు అనుమానం లేదు" అన్నాను.

ఆయన మళ్ళీ అడగలేదు. బేరింగులు ఇంకోసారి సర్ది, స్విచ్చి వేస్తే అదే అదురు. అప్పుడు నా నోటి నుంచి ఆ మాట వచ్చింది.

"మేస్త్రిగారూ, ఏమీ అనుకోకండి. మీ చెయ్యి ఇదివరకటిలా లేదు."

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుని, గేజిని డబ్బాలో పెట్టుకుని, భోజనం చేసి వెళ్ళమన్నా వినకుండా స్టేషనుకు బయల్దేరారు.

అది కోపంలో అన్న మాట. దానికి నన్ను నేను ఎలాగో క్షమించుకునేదాన్నేమో. తర్వాత చేసింది మాత్రం కోపంలో చేసింది కాదు. తెనాలిలో మా పిన్ని కొడుక్కి రైసు మిల్లుల సామాన్లు చేసే లేతు షాపు ఉంది. కొత్తగా చేరిన వాళ్ళకి పని నేర్పడానికి అనుభవం ఉన్న టర్నరు కావాలంటే అంతకు ముందు నేనే మేస్త్రిగారి పేరు చెప్పాను. ఖాళీగా కూర్చోలేకపోతున్నానని ఆయన ఎన్నోసార్లు అన్నారు, ఆ పని కోసం ఎంతో ఆశగా ఉన్నారు. దీపావళి వెళ్ళాక తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఏంటక్కా, ఆయన్ని పెట్టుకోమంటావా? నువ్వు చెబితే చాలు."

నేను పడక్కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ, చాలా నిదానంగా చెప్పాను. "ఒకప్పుడు బంగారంలాంటి చెయ్యిరా. ఇప్పుడు పట్టు పోయింది. నీ ఇష్టం."

నిజం చెప్పాననే అనుకున్నాను. ఆ రోజు నాకు చక్కగా నిద్ర పట్టింది.

కార్తీకం చివర్లో, ఇంక ఈ మిషను అమ్మేద్దామని శుభ్రం చేస్తూ చక్కు విప్పాను. చక్కు వెనక, షాఫ్టుకుండే ఇనుప బిళ్ళ మీద, పసుపు ముద్ద ఎండి గట్టి పెచ్చులా అంటుకుని ఉంది. మధ్యలో కుంకుమ. పూజ నాడు చక్కు లేని ఆ బిళ్ళకు నా బొటనవేలితో నేనే రాశాను. తుడవకుండా దాని మీదే చక్కు ఎక్కించి బిగించాను. ఒక పక్క పసుపు మందంగా ఉండటంతో చక్కు వెంట్రుకంత వాలుగా కూర్చుంది. ఆ వాలే ప్రతి చుట్టులోనూ ముక్కను ఊపేస్తోంది.

గోకి, కిరసనాయిలుతో తుడిచి, మళ్ళీ బిగించాను. స్విచ్చి వేస్తే గ్లాసులో నీళ్ళు కదల్లేదు. ఇత్తడి అద్దంలా తేలింది. నెలన్నరగా దేనికోసం తపించానో అది కళ్ళెదుట ఉంటే, మేస్త్రిగారితో అన్న మాట గుర్తొచ్చి స్విచ్చి ఆపేశాను. మొదట వచ్చిన ఆలోచన కూడా దాచకుండా రాస్తాను: ఈ సంగతి ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు అనుకున్నాను. మూడు రోజులు అలాగే గడిపాను. నాలుగో రోజు సిగ్గేసి, పొద్దున్నే బండెక్కి తెనాలిలో దిగి, రేపల్లె బండి పట్టుకున్నాను.

మేస్త్రిగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. నన్ను చూసి గాభరాగా లేచి కుర్చీ వేశారు. కూర్చోకుండానే జరిగిందంతా చెప్పేశాను.

"అయితే బేరింగులు సరిగానే ఉన్నాయాండి?" అన్నారు.

"ఉన్నాయి. మీరు బిగించినవి అలాగే ఉన్నాయి, నేను వాటిని ముట్టుకోలేదు. తప్పంతా నాదే. ఆ రోజు విప్పి చూస్తానన్నారు కదా, నన్ను పక్కకి నెట్టి విప్పేసి ఉండాల్సింది."

"బొట్లు పెట్టుకున్నారు గదండి. మీరు వద్దన్నాక, పూజ చేసుకున్నదాని మీద నేను చెయ్యి వేస్తే ఏం బావుంటదని."

తమ్ముడితో ఫోన్లో నేనన్న మాటా చెప్పాను. దాన్ని చెప్పడమే కష్టమైంది. వాడితో ఇప్పుడే మాట్లాడతాననీ, ఆ పని ఆయనకే ఇమ్మని చెబుతాననీ అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "మీ తమ్ముడుగారు నన్ను రమ్మన్నారండి. ఒక నెల చేసి చూడమన్నారు. నేనే రానన్నాను."

"ఎందుకు?"

"ఇంత అనుభవంలో నా చెయ్యి తప్పిందని ఎవరూ అనలేదండి. మీరు లెక్క చూసుకోకుండా ఊరికే ఒక మాట అనే మనిషి కాదు. ఇంటికొచ్చి ఆలోచించుకుంటే నాకూ అలాగే అనిపించింది. కొత్తవాళ్ళకి తప్పు పని నేర్పితే పాపం గదండి. సామాన్లన్నీ పొన్నూరులో మా అల్లుడికి ఇచ్చేశాను."

ఆయన లోపలికి వెళ్ళి టీ తెచ్చారు. ఒక్క గ్లాసుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, నేల చూసుకుంటూ, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చారు. ఆ చేతుల్లో వణుకు లేదు. వణుకుతాయేమోనని ఆయనకు భయం.

"మేస్త్రిగారూ, మీ చెయ్యి బాగుంది. వణకడం లేదు, చూడండి" అన్నాను.

ఆయన నవ్వి గ్లాసు నా ముందు పెట్టారు. "నేను బాధపడతానని ఆ పసుపు మాటా, ఈ మాటా అంటున్నారు మేడమ్. టీ చల్లారిపోద్ది, తాగండి."