ఫ్యాను ఆపే వదిన

తిరుపతి మే నెల ఎండకు మేమంతా ఉడికిపోతుంటే, మా వదిన స్వెట్టర్ వేసుకుని వచ్చి ఫ్యాను ఆపేసేది. "సలేస్తా ఉండాదబ్బా" అని తప్పు చేసినదానిలా నవ్వేది. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేరు. ఆ ఫ్యానునూ, పిల్లల్లేకపోవడాన్నీ కలిపి అమ్మ రోజూ సాధించేది.

చివరికి అన్న, అమ్మ ఆమెను వేలూరులో ఒక డాక్టరమ్మకు చూపించారు. ఆ డాక్టరమ్మ వదిన గొంతు తడిమి, రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదనీ, పిల్లలు కలగకపోవడానికీ ఆ చలికీ అదే కారణమనీ చెప్పింది.

అమ్మ ఇంటికొచ్చి నాతో గొణిగింది: "బిడ్డల్లేరని పోతే, ఆయమ్మ గొంతు పిసికి సూస్తాదేందిరా?"

మాత్రలు మొదలుపెట్టిన కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం వదిన స్వెట్టర్ విప్పేసి, తనే లేచి ఫ్యాను వేసింది. అమ్మ చేతిలోని విసనకర్ర పక్కన పెట్టి, వదిననూ ఫ్యానునూ మార్చి మార్చి చూసింది.

రెండో వేసవికి ఇంట్లో ఉయ్యాల వేలాడింది. మేమంతా ఫ్యాను కింద చేరి బిడ్డను ముద్దు చేస్తుంటే, వదిన వచ్చి టక్కున స్విచ్చి ఆపేసింది.

"బిడ్డకు సలేస్తాదబ్బా."

నేను అలవాటుగా అమ్మ వైపు చూశాను. అమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటూ నా మీదే కసిరింది.

"సెమట పోస్తే సస్తావా ఏంది? గమ్మునుండరా!"