హోటలు మెట్లెక్కకుండా ఆదిలాబాద్ దాకా

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ పోయి రావడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. రోజుకు రెండు పూటల చొప్పున ఎనిమిది పూటలు. వాటిలో ఒక్క పూట కూడా హోటల్లో తినలేదు, మాంసం ముట్టలేదు. ఇది అయ్యే పని కాదని బయల్దేరకముందే చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమూ, ఇకముందు ఆ దారిన పోయేవాళ్ల కోసమూ రాస్తున్నాను.

కారణం ముందే చెప్పాలి. హైదరాబాద్‌లో డిప్లొమా చదివిన మూడేళ్లు నేను హోటళ్లలోనే తిన్నాను. ఆఖరి పరీక్షలప్పుడు పచ్చకామెర్లు వచ్చాయి. ఆ తరువాత ఆదిలాబాద్ జిల్లాలో రోడ్ల ఓవర్‌సీర్ ఉద్యోగం దొరికింది కానీ, ఆరోగ్య పరీక్షలో డాక్టరు నా కనురెప్ప కిందికి లాగి చూసి, కుడి పక్కటెముకల కింద నొక్కి, మూడు నెలల తరువాత మళ్లీ రమ్మన్నాడు. ఆ రెండో పరీక్ష గురువారం ఉదయం తొమ్మిదింటికి, ఆదిలాబాద్ ఆసుపత్రిలో. అందులో కూడా పనికిరానని రాస్తే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

ఈ మూడు నెలలూ మా అవ్వ దగ్గర వంట నేర్చుకున్నాను. పప్పు, సొరకాయ, జొన్నరొట్టె, మజ్జిగ. కారం లేదు, నూనె లేదు. బాపుకు ఇది నచ్చలేదు. "కోడికూర తినకుంటె పానం ఎట్ల నిలుస్తది? డాక్టర్ ముందట కట్టె లెక్క నిలబడుతవా?" అన్నాడు. బయల్దేరే రోజు, మంగళవారం తెల్లవారుజామున నేను పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేస్తుంటే చూడలేక పశువుల దగ్గరికి వెళ్లిపోయాడు.

సంచిలో పెట్టుకున్నవి: ఇత్తడి పంపు స్టవ్వు ఒకటి, దాని పిన్నులు మూడు, నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్, రెండు సేర్ల బియ్యం, సేరు పెసరపప్పు, సొరకాయ, ఉప్పు, పసుపు, జీలకర్ర, ఎనిమిది రొట్టెలు, ఇరవై నిమిషాలు కాచి చల్లార్చిన నీళ్లు రెండు సీసాలు.

బస్సు ఆరు నలభైకి కదిలింది. కండక్టరు స్టవ్వు చూసి, "గ్యాస్‌నూనె బండ్లెకు రాదు సారూ" అన్నాడు. మూత తీసి ఖాళీ ట్యాంకు చూపించాను. వాసన చూసి నమ్మాడు. కిరోసిన్ దిగినచోట కొనుక్కోవచ్చు, ఎక్కడైనా దొరుకుతుంది.

నా పక్కన నలభై ఏళ్ల మనిషి కూర్చున్నాడు. పేరు లచ్చన్న. ఆదిలాబాద్‌లో పత్తి మిల్లులో బేళ్లు కట్టే పని. చెల్లెలిని చూడటానికి గంగాధర అనే ఊరికి వచ్చి తిరిగి పోతున్నాడు. నేను రోడ్ల పని మనిషినని తెలియగానే, "జర ఇచ్చోడ కాడి గుంతలు పూడ్పియ్యుండ్రి సారూ, నడుములు ఇరుగుతున్నయి" అన్నాడు. ఉద్యోగమే ఇంకా చేతికి రాలేదని చెప్పి, గురువారం సంగతి కూడా చెప్పాను. "ఫికర్ చేయకుండ్రి. మా అంజన్న ఉన్నడు" అన్నాడు. అప్పటికి ఆంజనేయుడి గుడి ఉన్న కొండగట్టు వచ్చింది. దర్శనం చేసుకున్న ఒకామె బస్సెక్కి అందరికీ కొబ్బరిముక్కలు పంచింది. నేనూ తీసుకుని, సీసా నీళ్లతో కడిగి తిన్నాను.

తొమ్మిదీ యాభైకి కోరుట్లలో బస్సు అరగంట ఆగింది. అందరూ హోటల్లోకి పోయారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. గ్లాసులన్నీ ఒకటే బకెట్టులో ముంచి తీస్తున్నారు. ముప్పై ఒకటి లెక్కపెట్టాను. అప్పటిదాకా ఆ నీళ్లు మార్చలేదు. ఈ లెక్క హైదరాబాద్‌లో మొదటి నెలలోనే పెట్టి ఉంటే నా మూడు నెలలు మిగిలేవి.

లచ్చన్న కిటికీ కిందికి వచ్చాడు. "సారూ, చాయ్‌కి పైసలిచ్చిన. మీరు లోపల కూసోని తాగుండ్రి" అన్నాడు. వద్దన్నాను. "పోనీ, గీ మిర్చిబజ్జీలు?" అంటూ కాగితపు పొట్లం చాపాడు. అదీ వద్దన్నాను. అతను పొట్లం వెనక్కి తీసుకున్నాడు. హోటలు బయటే నిలబడి తాగి వచ్చి, బస్సులో వెనక సీటుకు మారి కూర్చున్నాడు. గాలి కోసమేమో అనుకుని నేను రొట్టె, సొరకాయ కూర తిన్నాను.

మెట్‌పల్లి దాటి ఒంటిగంటకు ఆర్మూరు. అక్కడ బండి మారాలి. సోన్ దగ్గర వంతెన మీద గోదావరి దాటి, నాలుగింటికి నిర్మల్ చేరాము. ఆదిలాబాద్ బస్సు మళ్లీ మరునాడు ఉదయమే. బస్టాండు దగ్గరి సత్రం ముసాఫిర్‌ఖానాలో వరండా ఉచితం. వంటకు అభ్యంతరం లేదు, చోటు ఊడ్చి ఇవ్వాలి, అంతే.

అయిదున్నరకు స్టవ్వు వెలిగించాను. ఒక వంతు పెసరపప్పు, రెండు వంతుల బియ్యం, ఎనిమిది వంతుల నీళ్లు. నలుగురైదుగురు చుట్టూ చేరారు.

"సారు పెండ్లాం అలిగి పోయినట్టున్నది."

"పెండ్లి గాలే ఇంక" అన్నాను.

"మరి ఇప్పటిసంది నేర్చుకుంటుండా? మంచిదే, ఎట్లయినా పనికొస్తది."

పంపు కొడుతూ, "ఎవరి కడుపు వాళ్లే చూసుకోవాలె గదా" అన్నాను. నవ్వి వెళ్లిపోయారు. లచ్చన్న ఒక్కడే వరండా అవతలి చివర మిగిలాడు. నేను పిలిస్తే అక్కడినుంచే మాట్లాడాడు.

"నన్నెందుకు పిలుస్తరు సారూ? మీ కులమేందో నాకు తెలువది. మాది ఊరవతలి వాడ. నా మొకం చూస్తె మీకు తెలిసే ఉంటది."

"నాకేం తెలువదు. ఎందుకట్లంటున్నవు?"

"కొండగట్టు కాడ ఆమె చేతి కొబ్బరి తిన్నరు. నేనిచ్చిన చాయ్ తాగలే. నా పైసలతోని ఆ హోటలాయన పోసిన చాయ్ గూడ ముట్టలే. హోటలోడు నాకు కప్పు బయట పెడతడు, అది అలవాటే. మీరు సదువుకున్నోళ్లు, ఇంకో తీరుంటరనుకున్న."

లేచి అతని దగ్గరికి వెళ్లాను. అంతా చెప్పాను: బకెట్టు, ముప్పై ఒక్క గ్లాసులు, కామెర్లు, మరిగిన నూనె. కొబ్బరి వండింది కాదు, అందుకే కడిగి తిన్నానన్నాను. అతను విన్నాడు గానీ నమ్మినట్టు లేడు. గిన్నెలో సగం కిచిడీ పెట్టి ముందుంచాను. రెండు ముద్దలు తిని, "ఉప్పు తప్ప ఏం లేదిందుల. ఇది తినుకుంట మూడు నెలలు ఎట్ల బతికినవు సారూ?" అన్నాడు. గిన్నె మాత్రం ఖాళీ చేశాడు.

చేయి కడుక్కుని వచ్చి అన్నాడు: "మీ వంట నేను తిన్న. రేపు మా ఇంట్ల మీరు తింటరా? హోటలు గాదు. ఇల్లే. కూరగాయే."

ఒప్పుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. కులం గురించి కాదు, గురువారం గురించి. పరీక్షకు ముందురోజు, తెలియని నీళ్లు, తెలియని నూనె. నీళ్లు ఇరవై నిమిషాలు కాచాలి, కారం వద్దు, పోపు వద్దు అని మూడు షరతులు చెప్పాను. "సరే" అన్నాడు, కాగితం మీద సంతకం పెట్టినంత గట్టిగా.

బుధవారం ఉదయం ఏడుంపావు బస్సు. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజను రెండుసార్లు ఆపి నీళ్లు పోశారు. టేకు అడవి, నేరడిగొండ, ఇచ్చోడ. అక్కడి గుంతల గురించి లచ్చన్న చెప్పింది నిజమే. పన్నెండున్నరకు ఆదిలాబాద్. బజారంతా పత్తిబండ్లు, బేరాలు సగం తెలుగులో, సగం మరాఠీలో. మిల్లు వెనక వాడలో లచ్చన్న ఇల్లు. రెండు గదులు, అలికిన వాకిలి.

భార్య పోశవ్వ నీళ్లు పొయ్యి మీద పెట్టి, నేను గడియారం చూస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నీళ్లను గూడ వండుకొని తింటడా గీ సారు?" అని భర్తను అడిగింది. పొరుగువాళ్లు ముగ్గురు వాకిట్లో నిలబడి చూస్తున్నారు. నేను చెప్పినట్టే ఆమె ఉత్త పెసరపప్పు ఉడికించింది, రొట్టెలు చేసింది.

నేను కాళ్లు కడుక్కుని వచ్చేసరికి పప్పులోంచి చుయ్యిమని శబ్దం. లచ్చన్న తల్లి గరిటె పట్టుకుని నిలబడి ఉంది. చుట్టానికి పోపు లేని పప్పు పెట్టడం ఆ ముసలమ్మ వల్ల కాలేదు. "ఉత్త పప్పు పెడుతరా? నలుగురు నవ్వుతరు. గింత నూనెకు గతిలేనోళ్లమా మనం?" అంది.

"అవ్వా, ఎంత పని చేస్తివే!" అని లచ్చన్న తల పట్టుకున్నాడు. "సారూ, రొట్టెల ఉప్పేసుకొని తినుండ్రి. పప్పు వద్దు."

పప్పు మీద వేలెడు మందాన నూనె, మూడు ఎండుమిరపకాయలు. వాకిట్లో ముగ్గురు. గురువారం పొద్దుటికి ఇరవై గంటలు లేవు. నేను పప్పు వద్దంటే నూనె కోసమే అని లచ్చన్న నమ్ముతాడేమో గాని, ఆ వాకిట్లో ఇంకెవరూ నమ్మరు. మిరపకాయలు పక్కకు తీసి, పప్పు పోసుకుని తిన్నాను. కళ్లలో నీళ్లు వచ్చాయి. ముసలమ్మ తృప్తిగా ఇంకో గరిటె పోసింది. అదీ తిన్నాను.

సాయంత్రం ధర్మశాలలో గంజి మాత్రమే కాచుకున్నాను. గురువారం లేవగానే అద్దంలో కళ్లు చూసుకున్నాను. తెల్లగానే ఉన్నాయి. అయినా ఆసుపత్రి బల్ల మీద పడుకున్నప్పుడు కడుపు బిగపట్టుకున్నాను. డాక్టరు వదులు చేయమని, రెండుసార్లు నొక్కాడు.

"ఏం తింటున్నావు?"

"ఇంటి వంట. రొట్టె, పప్పు, కూరగాయలు."

"హోటలు?"

"లేదు."

"రోడ్డు పని, ఎండలో తిరగాలి. మాంసం తిను, బలం వస్తుంది."

"బలం వచ్చిందో లేదో మీరే చూశారు కదా" అన్నాను. అనకూడదేమో. ఆయన తలెత్తి ఒకసారి చూసి, పనికివస్తాడని రాసి సంతకం చేశాడు.

సామాను తెచ్చుకోవడానికి శుక్రవారం తెల్లవారుజామున కరీంనగర్ వైపు వెళ్లే బస్సు పట్టుకున్నాను. లచ్చన్న మిల్లుకు పోతూ దారిలో ఆగి, పోశవ్వ చేసిన నాలుగు రొట్టెలు, వంకాయ కూర ఇచ్చిపోయాడు. ఈ దారిన పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. స్టవ్వు మోయడం కష్టం కాదు, వంట కష్టం కాదు, జనం నవ్వు కూడా కష్టం కాదు. వద్దన్న ప్రతిసారీ ఎందుకు వద్దో నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే మన సంచిలో లేనిది కూడా మనం మోస్తున్నామనుకుంటారు.

నిర్మల్‌లో బస్సు ఆగినప్పుడు నేను దిగకుండా క్యారియర్ విప్పాను. పక్కన జరీ కండువా పెద్దమనిషి ఉన్నాడు. సంతోషపడ్డాడు. "ఎవడు వండుతాడో తెలియని హోటళ్లలో తినే కాలం ఇది. ఈ వయసులో ఇంత ఆచారం పాటిస్తున్నావంటే మెచ్చుకోవాలి. అమ్మగారు చేశారా?"

"కాదండి. ఆదిలాబాద్‌లో పత్తిమిల్లు వెనక వాడ ఉంది చూడండి, అక్కడ పోశవ్వ చేసింది. మొన్న వాళ్లింట్లోనే భోంచేశాను."

బస్సులో సగం మందికి వినిపించేలాగే చెప్పాను. ఆయన లేచి, కండువా దులుపుకుని, రెండు సీట్లు ముందుకు వెళ్లి కూర్చున్నాడు. సీటంతా నాదే అయింది. నాలుగు గిన్నెలూ వరసగా పరుచుకుని, రొట్టె తుంచాను.