నానమ్మ ఎత్తుకున్న పాట

మా నానమ్మ ఇస్మే లిబర్డ్ ఆదివారం చర్చి మానేసిన రోజంటూ లేదు. మా నాన్న సోమవారం పుట్టాడు. అది కూడా తను ముందే చూసుకుని కన్నట్టు చెబుతుంది.

పుట్టింది కరీబియన్ సముద్రంలోని నెవిస్ దీవిలో. ఇరవై రెండేళ్ళప్పుడు ఓడెక్కి ఇంగ్లండులోని లీడ్స్ వచ్చి కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు కాజాలు కుట్టింది. "ఈ ఊళ్ళో సగంమంది పెళ్ళికొడుకులు నా కాజాల్లోనే గుండీలు పెట్టుకున్నారు. అయినా ఒక్కడూ పెళ్ళికి పిలవలేదు," అని ఇప్పటికీ సణుగుతుంది.

మా సంఘంలో అసలు గౌరవం మాత్రం ఆవిడ గొంతుకే. మా చర్చిలో పాటల నంబర్లు రాసిన బోర్డు ఉండదు. ప్రసంగం అయ్యాక అందరూ మౌనంగా ఉంటారు. ఆ మౌనంలోంచి ఒకరు పాట ఎత్తుకోవాలి. పాటలో మొదటి వరస ఆ ఎత్తుకున్నవాళ్ళు ఒక్కరే పాడతారు, రెండో వరసకి అందరం అందుకుంటాం. అరవై ఏళ్ళుగా ఎత్తుకునేది నానమ్మే. ఆవిడుండగా ఇంకొకరు నోరు తెరిస్తే, ఆ చూపుకే గొంతు ఆరిపోతుంది.

అలాంటి మనిషి పోయిన వసంతంలో పాట ఎత్తనని మొండికేసింది.

కారణం మా కొత్త చర్చి. కొత్తదంటే మాకు కొత్త. మా వీధి చివర రాతి చర్చి ఒకటుంది. దాని పాత సంఘం తరిగి తరిగి ఆగిపోయింది. కొన్నేళ్ళు అందులో తివాచీలు అమ్మారు, తరవాత పావురాలు కాపురం పెట్టాయి. చివరికి మేం కొనుక్కున్నాం. సంఘమంతా పండగ చేసుకుంటుంటే నానమ్మ మాత్రం ఉప్పుచేపని ఉల్లిపాయలతో వేయిస్తూ, నా వైపు తిరక్కుండానే అంది:

"ఆ గోడల మధ్య నేను పాట ఎత్తను."

"ఎందుకు నానమ్మా?"

"ఒకసారి ఎత్తాను. చాలు."

ఆ రోజు పొయ్యి కట్టేసి నాకు చెప్పింది. అంతకుముందు మా నాన్నకి కూడా చెప్పలేదట.

లీడ్స్‌లో ఆవిడ మొదటి ఆదివారం. ఊరి నుంచి తెచ్చుకున్న పసుపు టోపీ పెట్టుకుని, నిండా తెల్లవాళ్ళే ఉన్న ఆ రాతి చర్చికే వెళ్ళింది. స్తంభం పక్కన, వెనక నుంచి మూడో బల్ల. ప్రసంగం అయింది. నిశ్శబ్దం.

"ఎవరో ఒకరు ఎత్తుకోవాలి కదే! పాపం, అందరూ సిగ్గుపడుతున్నారనుకున్నాను. మా అమ్మ వాగు దగ్గర బట్టలుతుకుతూ పాడే పాట ఎత్తుకున్నాను. మొదటి వరస అయింది. ఆగాను. ఒక్కళ్ళూ అందుకోలేదు."

"మరి కూర్చున్నావా?"

"దేవుడి పాట మధ్యలో ఆపుతానా? నాలుగు చరణాలూ నేనొక్కదాన్నే పాడాను. ఎవరూ కనీసం దగ్గలేదు కూడా. బయటికొస్తుంటే పాదిరిగారు గుమ్మం దగ్గర చెయ్యి కలిపారు. 'చక్కగా పాడారమ్మా. వచ్చే వారం మాత్రం రావద్దు. మావాళ్ళు ఇబ్బంది పడుతున్నారు,' అన్నారు. నేనేమన్నానో తెలుసా? థాంక్యూ అన్నాను! ఆ మాట ఎందుకన్నానా అని అరవై రెండేళ్ళుగా ఒళ్ళు మండుతోంది."

ఆ మరుసటి ఆదివారం తన అద్దె ఇంటి ముందుగదిలో, కిరసనాయిలు హీటరు చుట్టూ ఆరుగురిని కూర్చోబెట్టి ప్రార్థన పెట్టింది. ఆ ఆరుగురే ఇవాళ మూడొందల మంది అయ్యారు. ఇంత చేసిన మనిషికి ఆ నిశ్శబ్దమంటే ఇంకా భయమని తెలిసి నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

"ఇప్పుడది మనదే కదా," అన్నాను.

"తాళంచెవి మనది. ఆ నిశ్శబ్దం వాళ్ళది. నా గొంతులో ఇప్పుడు సగం గాలే. మళ్ళీ ఒంటరిగా నిలబడలేనే."

పాస్టర్ కార్ల్‌టన్ బతిమాలడానికి ఇంటికొచ్చారు. చిన్నప్పుడు ఈయన చెవి మెలేసి ప్రార్థనలో కూర్చోబెట్టింది నానమ్మే.

"మదర్, మీరు ఎత్తకపోతే ఇంకెవరు ఎత్తుతారు?"

"కీబోర్డు కొన్నావుగా, దాన్ని ఎత్తమను."

"పోనీ, వస్తారా అయినా?"

"ఆదివారం మానేసే ముఖమా నాది? వస్తాను. నోరు మాత్రం తెరవను."

నేను ఆగలేక సిస్టర్ వెరోనాకి చెప్పాను. నానమ్మకి అరవై ఏళ్ళ స్నేహితురాలు, టోపీల్లో అరవై ఏళ్ళ పోటీ. "ఎవరికీ చెప్పొద్దు ఆంటీ," అన్నాను. "నా నోరు కుట్టేసుకున్నాననుకో," అంది. బుధవారం కూడికకల్లా సంఘమంతటికీ తెలిసిపోయింది, ఒక్క నానమ్మకి తప్ప.

ఆదివారం ఉదయం నానమ్మ పెట్టెలోంచి ఆ పసుపు టోపీయే తీసింది.

మెట్ల దగ్గర సిస్టర్ వెరోనా చూసి, "ఈ టోపీకి ఇంకా పింఛను రాలేదా ఇస్మే?" అంది.

"నీ కట్టుడుపళ్ళకంటే ముందు వచ్చింది. నీ పళ్ళకంటే గట్టిగా ఉంది."

గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోయింది. పాదిరిగారు నిలబడిన చోటు కాసేపు చూసి, నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. ముందు వరసలో తనకోసం ఉంచిన కుర్చీని దాటేసి, స్తంభం పక్కన వెనక నుంచి మూడో బల్ల మీద కూర్చుంది. బల్లలు తివాచీల కాలం కూడా తట్టుకున్నాయి.

ప్రసంగం అయింది. పాస్టర్ కూర్చున్నారు. కీబోర్డు దగ్గర ఎవరూ లేరు. మూడొందల మంది, ఒక్క చప్పుడు లేదు. నానమ్మ నోట్లో పిప్పరమెంటు కొరికిన శబ్దం నాకు వినపడింది. నేనింకా ఆవిడ చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు, ఎవరూ పాడలేదు. ఎంతసేపైనా ఆగేలా ఉన్నారు.

"చెయ్యి వదులు," అంది.

లేచి నిలబడి, అదే పాట, వాగు దగ్గరి పాట ఎత్తుకుంది. మొదటి మాట అయిందో లేదో, సంఘమంతా ఒక్కసారిగా అందుకుంది. ఆవిడని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకూడదని ఎవరికి వాళ్ళే అనుకున్నట్టున్నారు. దూలాల మీద దుమ్ము రాలింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

నానమ్మ పాడటం ఆపేసింది.

"ఆగండి!" అని చెయ్యెత్తింది. పాట టక్కున ఆగింది. "ఏం తొందరొచ్చింది మీకందరికీ? నేను అరవై రెండేళ్ళు ఆగాను, మీరు ఒక్క వరస ఆగలేరా? ఎత్తుకునేది నేను, అందుకునేది మీరు. పద్ధతంటూ ఒకటి ఏడ్చిందా లేదా?"

చర్చి అంతా గొల్లున నవ్వింది. పాస్టర్ తల వంచుకుని నవ్వుతున్నారు.

"మళ్ళీ మొదటినుంచి," అని, మొదటి వరసంతా తనొక్కతే పాడింది. గొంతులో సగం గాలే. అయినా ఒక్క మాట కూడా వదలకుండా నింపాదిగా పాడి, చివర ఆగింది. కావాలనే ఆగింది. అందరం ఊపిరి బిగబట్టుకుని చూస్తుంటే, ఆ నిశ్శబ్దాన్ని తనకి నచ్చినంతసేపు ఉంచుకుంది. అప్పుడు వేలెత్తి, "ఊఁ, ఇప్పుడు," అంది.

నాలుగు చరణాలూ పాడాం.

కూడిక అయ్యాక నానమ్మ నాకంటే ముందే నడిచి గుమ్మం దగ్గరికి చేరింది. పాదిరిగారు నిలబడిన చోటే నిలబడి, బయటికొచ్చే ప్రతి ఒక్కరి చెయ్యీ గట్టిగా పట్టుకుని చెప్పింది:

"వచ్చే వారం కూడా రండి."