ప్లాస్టిక్ చిగురు

జనగామలోని ఒక ప్రైవేటు దవాఖానలో నేను రిసెప్షన్‌లో పనిచేసేదాన్ని. రోజూ దేవరుప్పుల నుంచి బస్సులో వచ్చిపోయేదాన్ని. మొదట్లో ఆ హాల్లో ఉన్నవన్నీ అసలు మొక్కలే. నా కౌంటర్ మీద మనీప్లాంటు, మెట్ల దగ్గర పామ్ మొక్కలు, మందుల షాపు కిటికీలో కలబంద. వాటికి నీళ్లు నేనే పోసేదాన్ని. రోగుల వెంట వచ్చినవాళ్లు మొదళ్లలో ఉమ్మేవాళ్లు, తాగిన టీ కప్పులు మట్టిలో గుచ్చేవాళ్లు. అయినా అవి బతికాయి.

వానాకాలంలో కుండీల కింది పళ్లేల్లో దోమపిల్లలు కనిపించాయి. వాటి సంగతి చూడమని దవాఖాన నడిపే డాక్టరు గారు మేనేజరుకు చెప్పారు. మేనేజరు ఆయన బావమరిదే. అతను మమ్మల్నందరినీ హాల్లో నిలబెట్టి, అసలు మొక్కలే ఉంచుదామా, ప్లాస్టిక్‌వి తెద్దామా అని అడిగాడు.

"పళ్లెంల నీళ్లు దినాం పారబోస్తే సాలు సార్. నేను జేస్త," అన్నాను.

ల్యాబ్‌లో రక్తం తీసే టెక్నీషియన్ గోడకు ఆనుకుని ఉన్నాడు. "ప్లాస్టిక్‌వే తేండ్రి సార్. మన దవాఖానల సావనిది ఒక్కటన్న ఉండాలె గద," అన్నాడు.

అందరూ నవ్వారు. ఎదురుగా బెంచీల మీద కూర్చున్న రోగులకు కూడా ఆ మాట వినబడే ఉంటుంది. ఆ నవ్వుతోనే నిర్ణయం జరిగిపోయింది.

పాత మొక్కలు ఇంటికి పట్టుకుపోతానని అడిగాను. "దవాఖాన సొమ్ము ఇంటికి మోస్కపోతవా?" అన్నాడు మేనేజరు. కుండీలన్నీ జనరేటరు వెనక బోర్లింపజేసి, ఎవరూ ఏరుకోకుండా వేళ్ల మీద ఫినాయిలు పోయించాడు. నన్ను పక్కనే నిలబెట్టుకుని మరీ పోయించాడు.

కొత్తవి వరంగల్ నుంచి ట్రాలీ ఆటోలో వచ్చాయి. తెల్లటి కుండీలు, పైన గులకరాళ్లు, కింద థర్మకోల్. ముట్టుకుంటే తప్ప తేడా తెలిసేది కాదు.

కొన్నాళ్లకు జఫర్‌గఢ్ దిక్కు నుంచి ఒక ముసలాయన భార్యను తీసుకొచ్చాడు. ఆమెకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఐసీయూలో పెట్టారు. వాళ్లకు పిల్లల్లేరు. ఆయన పగలంతా ఐసీయూ తలుపు ఎదుటి బెంచీ మీదే కూర్చునేవాడు. ఆయన కళ్లలో పొర వచ్చి చూపు మసకబారింది. బెంచీ పక్కనే ఒక కుండీ ఉండేది. తాను తాగగా సీసాలో మిగిలిన నీళ్లు అందులో పోసేవాడు.

ముందుగా గమనించింది టెక్నీషియనే. ముసలాయన మూత్రానికి పోయినప్పుడు ఇంకో కుండీలోంచి లేతరంగు కొమ్మ ఒకటి పీకి తెచ్చి ఇందులో గుచ్చాడు. ఆయన తిరిగి రాగానే, "తాతా, గిటు సూడు. నువ్వు నీళ్లు పోస్తున్నవని కొత్త చిగురేసింది," అన్నాడు.

ముసలాయన వంగి, కళ్లు చికిలించి చూశాడు. ఆయన మొహం విచ్చుకుంది. "మా ముసల్దానికి గూడ రోగం తక్కువైతది అయితే," అన్నాడు.

ఇక అది దవాఖాన సిబ్బందికి రోజువారీ వేడుకైంది. పొద్దున్నే ఒక కొమ్మ గుచ్చడం, ఆయనను పిలిచి చూపించడం. మందుల షాపువాడు, నర్సులు పనులు ఆపి వచ్చేవాళ్లు. భార్యకు చిగుర్ల సంగతి చెప్పి వస్తానని ఆయన లోపలికి పోతే, వెనక నుంచి సెల్‌ఫోన్లలో వీడియోలు తీసేవాళ్లు.

మానమని టెక్నీషియన్‌కు చెప్పాను. "ముసలోడు ఖుషీగ ఉన్నడు. నీకేం నొప్పి?" అన్నాడు. ఆరోజే ముసలాయన పక్కన కూర్చుని, "బాపూ, గది అసలు చెట్టు గాదు, ప్లాస్టిక్‌ది," అని మెల్లగా చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. "దవాఖానోళ్లు అబద్ధమాడ్తరా బిడ్డా? గంత మంచిగ చిగురేస్తుంటే," అని మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు కుండీ నిండి నీళ్లు నేల మీదికి పారాయి. డాక్టరు గారిని కలవడానికి వచ్చిన చుట్టం ఒకాయన జారి పడబోయాడు. మేనేజరు అరుచుకుంటూ వచ్చాడు. కుండీలోంచి మొక్కను థర్మకోల్‌తో సహా పెరికి, నీళ్లు కారుతుండగా ముసలాయన ఒళ్లో పడేశాడు.

"గిది ప్లాస్టిక్‌ది! గింత వయసొచ్చింది, చెట్టేదో ప్లాస్టికేదో ఎర్కలేదా?"

హాలంతా నవ్వింది. రోగులు కూడా నవ్వారు. ముసలాయన ఆ మొక్కను వేళ్లతో తడిమి చూశాడు. ధోవతి తడిసిపోయింది.

"మరి చిగుర్లు?" అని అడిగాడు.

టెక్నీషియన్ నోటికి చేయి అడ్డం పెట్టుకుని ల్యాబ్‌లోకి పరుగెత్తాడు. లోపల నుంచి అతని నవ్వు వినబడుతూనే ఉంది. ముసలాయన కాసేపు అటే చెవి పెట్టి విన్నాడు. తర్వాత లేచి, భార్యను ఇంటికి తీసుకుపోతానన్నాడు.

డాక్టరు గారు స్వయంగా బయటికి వచ్చారు. నిజంగానే ఆమె కోలుకుంటోంది. జ్వరం దిగింది, తెల్లారితే వార్డుకు మార్చాలనుకుంటున్నారు. "ఆమెకు మంచిగైతున్నది పెద్దాయనా. ఇంకొన్ని దినాలు ఉండుండ్రి," అన్నారు.

"చిగురేస్తున్నదని గూడ గిట్లనే జెప్పిండ్రు," అన్నాడు ముసలాయన.

నేను ఆయన చేతులు పట్టుకున్నాను. "బాపూ, డాక్టరు సారు చెప్పేది నిజం. నా మాట నమ్ముండ్రి."

"నువ్వొక్కదానివే నిజం జెప్పినవ్ బిడ్డా. గని ఇగ నాకేది నిజమో సమజైతలేదు," అన్నాడు. తన ఇష్టంతోనే తీసుకుపోతున్నట్టు కాగితం మీద వేలిముద్ర వేసి, ఆక్సిజన్ గొట్టం తీయించి, ఆమెను ఆటోలో పడుకోబెట్టుకుని పోయాడు. మేనేజరు ఆపలేదు. ఐసీయూ బయట ఇంకో కేసు ఎదురుచూస్తోంది.

వారం తిరగకముందే వాళ్ల పక్కింటామె బిడ్డను చూపించుకోవడానికి వచ్చింది. ముసలామె గురించి అడిగాను. ఇంటికి పోయిన మూడోరోజే ఊపిరాడక చనిపోయిందట. మళ్లీ దవాఖానకు పోదామని వాడకట్టంతా బతిమాలినా ఆయన తలుపు తీయలేదట.

నాకు కౌంటర్ దగ్గర నిలబడబుద్ధి కాలేదు. ల్యాబ్‌లోకి పోయి టెక్నీషియన్‌కు చెప్పాను. అతను ఒకరి చేతికి రబ్బరు పట్టీ కడుతున్నాడు.

"అయ్యో," అన్నాడు. "ఆయనే గద తీస్కపోయింది. మనమేం జేస్తం?"

తర్వాత ఆ చేతి మీద నరం వెతుక్కుని, "పిడికిలి బిగవట్టు," అన్నాడు.