ఎర్రదారపు గుండీలు

తాళాలు బాగుచేసేవాడి కొట్టుకూ, కళ్లద్దాల దుకాణానికీ నడుమ ఒక గుండీల అంగడి ఉన్నది. ఇద్దరు లోపల నిలబడితే మూడో మనిషి వీధిలోనే ఆగవలసినంత ఇరుకు. దాని యజమానురాలిని అందరూ గుండీలమ్మ అంటారు. అరవై రెండేళ్ల మనిషి. ఊడిన గుండీకి జోడు వెతుక్కుంటూ ఎవరు వచ్చినా, కోటు వంక కన్న ముందు మనిషి వంక చూస్తుంది.

"ఏదో ఒకటి ఇవ్వమ్మా, గుండీయే కదా," అన్నాడొకనాడు ఒక గుమస్తా.

"అలాగే నాయనా. రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులు వేసుకొచ్చిన రోజున ఇస్తాను ఏదో ఒకటి."

ఆమె వెనుక గోడ నిండా సన్నని సొరుగులు. సొరుగుల నిండా నమూనా అట్టలు. అట్టమీద ఒక్కో రకానికి ఒక్క గుండీయే ఉండాలి. పక్కనే అదే రకం రెండవది కుట్టి ఉన్నదంటే, అది ఎవరికోసమో ఎత్తిపెట్టినదని అర్థం; ఎంతటివారు అడిగినా అమ్మరాదు. ఈ నియమం ఆమె తల్లి పెట్టినది. ఇద్దరు కూతుళ్లకూ చెరొక దారపు ఉండ కూడ ఇచ్చింది ఆ తల్లి: పెద్దదానికి నీలం, చిన్నదైన గుండీలమ్మకు ఎరుపు. ఎవరి కోసం దాచినది వారి రంగుతో కుట్టేవారు.

తల్లి పోయాక అక్కచెల్లెళ్లు గుండీలు పంచుకున్నారు. జోడున్నవన్నీ చెరొకటి. చివరికి తల్లి చలికోటుకుండిన నల్లని కొమ్ము గుండీ ఒక్కటే మిగిలింది. చెల్లెలు దానిమీద గుప్పిట మూసింది. అక్క అడిగింది. మాటకు మాట పెరిగింది. "ఇకమీదట నీకూ నాకూ కలిసేది ఒక్కటి కూడా ఉండదు, పో!" అన్నది చెల్లెలు. పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. ఈ మాట రెండు వీధులే దాటి, అక్కడ అక్క పెట్టుకున్న కొత్త అంగడి గుమ్మంలో పదకొండేళ్లు కూర్చున్నది. మొన్న చలికాలంలో అక్క కన్నుమూసింది. గుండీలమ్మ వెళ్లి వెనుక వరుసలో నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి వచ్చింది.

మూడు నెలలకు అక్క కూతురు, కంప్యూటరు ప్రోగ్రాములు రాసే పిల్ల, తల్లి అట్టలన్నీ ఏడు పెట్టెలలో తెచ్చి పిన్ని అంగడి వెనుక గదిలో దింపింది.

"అమ్మ కొట్టు మూసేశాను పిన్నీ. ఇవి నీ దగ్గరే ఉండాలి. రెండు జాబితాలూ కలిపి ఒకటి చేసిస్తాను. అమ్మవి ఇంట్లోనే కంప్యూటర్లో ఎక్కించేశాను. నువ్వు నీవి చదువు."

"పెట్టెలు మాత్రం విప్పకు. నేను చూడలేను."

పిల్ల తలూపింది. "ఇందులో సెట్ అని ఒకటుంది, సంచి అనుకో. ఒక్కో రకం ఒక్కసారే ఉంటుంది. రెండోసారి వేసినా తీసుకోదు. రెండు సంచులూ కలిపేయచ్చు. రెండిట్లోనూ ఉన్నవే ఏరచ్చు. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనివి ఏరచ్చు."

"ఓసి, మా నమూనా అట్టే కదే! దీనికోసమా అంత చదువు చదివావు?"

నాలుగు సాయంత్రాలు ఆమె చదివింది, పిల్ల ఎక్కించింది. ఆమెవి నాలుగువందల పన్నెండు రకాలు. చివరి సొరుగు మూసి, కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఏమీ ఎరగనట్టు అడిగింది:

"మీ అమ్మకీ నాకూ కలిసినవి ఎన్నున్నాయో చెబుతుందా ఇది?"

పిల్ల మీట నొక్కింది. మరొకసారి నొక్కింది.

"సున్నా అంటోంది పిన్నీ."

గుండీలమ్మ నవ్వబోయింది. "అంటుంది. నేను అన్న మాటే కదా," అని లేచి, వేళ కాకుండానే దీపం ఆర్పి తలుపు వేసింది.

మరునాడు ఒక రైలు గార్డు కోటు పట్టుకొని వచ్చాడు. ఆ రకం ఆమె వద్ద నమూనా తప్ప మిగలలేదు. "గార్డు కోటు గుండీ మీ అమ్మ దగ్గరుందేమో చూడవే," అన్నది.

"ఆ పేరుతో లేదు." పిల్ల కోటు చేతికి తీసుకున్నది. పసుపు గుండీ, నడుమ నిలువుగా నల్లని గీత. "అయ్యో, ఇది అమ్మ దగ్గరుందే! పిల్లి కన్ను!"

"పిల్లి కన్నేమిటే?"

"అమ్మ పెట్టిన పేరు. నీ గార్డు, అమ్మ పిల్లి... దొందూ దొందే!"

సంగతి అదీ. తల్లి బతికున్న కాలంలో చెల్లెలు ముందు బల్ల దగ్గర నిలబడి మనుషులను చూసేది. కనుక ఆమెకు ప్రతి గుండీ డాక్టరు కోటుది, పంతులమ్మ చొక్కాది. అక్క వెనుక గదిలో కూర్చుని గుండీలను ఏరేది. ఆమెకవి దానిమ్మ గింజ, చంద్రవంక, పిల్లి కన్ను. పేరు మారినంత మాత్రాన వస్తువు మారదని శాస్త్రాలు ఘోషిస్తూనే ఉన్నాయి. పాపం, యంత్రానికి పేరు తప్ప శాస్త్రం తెలియదు.

పేర్లు పక్కనబెట్టి కొలతలు పట్టారు: అడ్డం, మందం, రంధ్రాలు, రంగు, దేనితో చేసినది. తనవి ఆమె కొలిచింది. అక్కవి వెనుక గదిలో తలుపు చేరవేసుకొని పిల్ల కొలిచింది. వారం పట్టింది. ఈసారి మీట నొక్కేటప్పుడు గుండీలమ్మ సొరుగులవైపు తిరిగి నిలబడింది.

"నూటపద్దెనిమిది, పిన్నీ! నూటపద్దెనిమిది కలిశాయి. అన్నీ కలిపితే ఆరువందల ఇరవై ఎనిమిది."

ఆమె వేళ్లు మడిచింది. తల్లి పోయాక పంచుకున్నవి అరవై జోళ్లు. తక్కినవన్నీ మాటలు లేని పదకొండేళ్లలో, ఒకరికి తెలియకుండా ఒకరు ఇష్టపడి కొన్నవి.

"కానీ ఒకటి తేడాగా ఉంది," అన్నది పిల్ల. "అమ్మవి నేను ఎక్కించిన వరుసలు మూడువందల అరవై ఐదు. సెట్‌లో మూడువందల ముప్పై నాలుగే నిలిచాయి. ముప్పై ఒకటి రెండోసారి వచ్చినవని తోసేసింది. నేనే పొరపాటున రెండుసార్లు కొట్టినట్టున్నాను."

"నువ్వు అట్టమీద ఉన్నదున్నట్టేగా ఎక్కించింది?"

"ఆ. కొన్నిచోట్ల ఒకే రకం రెండేసి ఉన్నాయి."

గుండీలమ్మ మెల్లగా తిరిగింది. "ఆ రెండోది ఏ దారంతో ఉందే?"

"ఎర్రదారం. అమ్మకు నీలం అయిపోయిందేమో అనుకున్నాను."

ఆమె వెనుక గదిలోకి నడిచి, అంతవరకూ తాను ముట్టని మొదటి పెట్టె మూత తీసింది. చంద్రవంక పక్కన చంద్రవంక, ఎర్రదారం. దానిమ్మ గింజ పక్కన దానిమ్మ గింజ, ఎర్రదారం. అట్టల వెనుక అక్క చేతివ్రాతలో కొన్న ఏడాది: పోయిన ఏడాది, అంతకు ముందటి ఏడాది, ఇద్దరూ విడిపోయిన మొదటి ఏడాది. ముప్పై ఒకటీ ఎత్తిపెట్టినవే. ఎవరు అడిగినా అమ్మనివే. యంత్రం రెండవదని తోసివేసిన ప్రతి గుండీనీ ఆమె బొటనవేలితో తడుముతూ పోయింది.

"అడిగిందా ఎప్పుడైనా నా గురించి?"

"పేరెత్తేది కాదు. కానీ కొత్త రకం వస్తే, రెండు ఇవ్వండి అనేది."

చాలాసేపటికి ఆమె లేచి, తన మొదటి అట్ట తీసి, నల్లని కొమ్ము గుండీ దారం కత్తిరించింది. అక్క మొదటి అట్టమీద ఖాళీ చోట దానిని ఉంచింది.

"నీలం దారం ఇటివ్వవే. దీన్ని నా దగ్గర్నుంచి మీ అమ్మ జాబితాలోకి మార్చు. లెక్కేమైనా చెడుతుందా?"

పిల్ల మార్చి చూసి, ముక్కు ఎగబీల్చింది.

"లేదు పిన్నీ. కలిపితే ఆరువందల ఇరవై ఎనిమిదే."

గుండీలమ్మ సూదిలో నీలం దారం ఎక్కించుకున్నది.